ఏసీ సర్క్యూట్లలో ఇంపెడెన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంపెడెన్స్ అంటే ఏమిటి? రెసిస్టెన్స్‌కీ దీనికీ తేడా ఏమిటి?

ఏసీ వోల్టేజీని ఏసీ కరెంటుతో భాగిస్తే వచ్చేదే ఇంపెడెన్స్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అవరోధం అంటారు. కొలిచేది ఓమ్‌లలోనే. 230 వోల్టులు ఇచ్చినప్పుడు 2 ఆంపియర్లు పారితే ఆ లోడ్ ఇంపెడెన్స్ 115 ఓమ్‌లు. ఇక్కడిదాకా మనకు తెలిసిన ఓమ్ సూత్రమే.

అయితే 115 అన్న అంకె సగం సంగతే చెబుతుంది. ఏసీలో వోల్టేజీ, కరెంటు రెండూ ఒకే క్షణంలో శిఖరానికి చేరాలని లేదు. లోడ్‌లో కాయిల్ ఉంటే కరెంటు వెనకబడుతుంది, కెపాసిటర్ ఉంటే ముందుకు వెళ్తుంది. ఎంత వెనక, ఎంత ముందు అన్నది కోణంలో చెబుతాం. ఒక పూర్తి సైకిల్ 360 డిగ్రీలు కాబట్టి 50 హెర్ట్జ్‌లో 90 డిగ్రీలంటే 5 మిల్లీసెకన్లు. కనుక ఇంపెడెన్స్‌కు పరిమాణం, కోణం రెండూ ఉంటాయి. వీటికి తోడు అది ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని సైకిళ్లు) దగ్గర కొలిచిన విలువో కూడా తెలియాలి. ఈ పేజీలో చెప్పబోయే పొరపాట్లలో చాలావరకు కోణాన్నో, ఫ్రీక్వెన్సీనో వదిలేయడం వల్ల వచ్చేవే.

కాయిల్, కెపాసిటర్ కరెంటును ఎందుకు అడ్డుకుంటాయి? ఎంత అడ్డుకుంటాయో ఎలా లెక్కించాలి?

కాయిల్‌లో కరెంటు మారినప్పుడల్లా దాని అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పును ఎదిరించే వోల్టేజీ కాయిల్‌లోనే పుడుతుంది. ఏసీ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఎదిరింపూ ఆగదు. మార్పు ఎంత వేగంగా ఉంటే ఎదిరింపు అంత ఎక్కువ. కెపాసిటర్ తీరు దీనికి తలకిందులు. అది నిండుతూ ఖాళీ అవుతూ ఉంటేనే కరెంటు పారుతుంది. ఎంత వేగంగా నింపి ఖాళీ చేస్తే అంత ఎక్కువ కరెంటు పారుతుంది, అంటే అడ్డు అంత తగ్గుతుంది.

ఈ అడ్డును రియాక్టెన్స్ అంటాం. మార్పును ఎదిరించే కాయిల్ గుణం ఇండక్టెన్స్, కెపాసిటర్ నిల్వ సామర్థ్యం కెపాసిటెన్స్. లెక్క ఇలా:

కాయిల్ రియాక్టెన్స్ = 6.283 × ఫ్రీక్వెన్సీ × ఇండక్టెన్స్

కెపాసిటర్ రియాక్టెన్స్ = 1 ÷ (6.283 × ఫ్రీక్వెన్సీ × కెపాసిటెన్స్)

ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో, ఇండక్టెన్స్ హెన్రీలలో, కెపాసిటెన్స్ ఫారడ్‌లలో ఉండాలి. మిల్లీహెన్రీలను, మైక్రోఫారడ్‌లను మార్చకుండా అలాగే వేస్తే సమాధానం వెయ్యి రెట్లో పది లక్షల రెట్లో తప్పుతుంది. 50 హెర్ట్జ్‌కు ఒక అడ్డదారి గుర్తుపెట్టుకుంటే పని సులువవుతుంది: 3183ను మైక్రోఫారడ్‌లతో భాగిస్తే కెపాసిటర్ రియాక్టెన్స్ నేరుగా ఓమ్‌లలో వస్తుంది. 10 మైక్రోఫారడ్‌లకు 318 ఓమ్‌లు. అదే కెపాసిటర్ 60 హెర్ట్జ్‌లో 265 ఓమ్‌లు. 100 మిల్లీహెన్రీల కాయిల్ 50 హెర్ట్జ్‌లో 31.4 ఓమ్‌లు, 60 హెర్ట్జ్‌లో 37.7 ఓమ్‌లు.

30 ఓమ్‌ల రెసిస్టెన్స్, 40 ఓమ్‌ల రియాక్టెన్స్ సిరీస్‌లో ఉంటే 70 ఎందుకు రాదు?

రెండింటి మీదా పడే వోల్టేజీలు ఒకేసారి శిఖరానికి చేరవు కాబట్టి. రెసిస్టర్ మీది వోల్టేజీ కరెంటుతో కలిసి నడుస్తుంది. కాయిల్ మీది వోల్టేజీ కరెంటు కంటే 90 డిగ్రీలు ముందుంటుంది. ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గర ఉంటుంది. అందుకే వీటిని లంబకోణ త్రిభుజంలోని రెండు భుజాల్లా కలపాలి:

ఇంపెడెన్స్ = √(రెసిస్టెన్స్² + రియాక్టెన్స్²) = √(900 + 1600) = 50 ఓమ్‌లు

దీనికి 100 వోల్టులు ఇస్తే 2 ఆంపియర్లు పారుతుంది. ఇప్పుడు మీటర్ పెట్టి చూస్తే రెసిస్టర్ మీద 60 వోల్టులు, కాయిల్ మీద 80 వోల్టులు కనిపిస్తాయి. రెండూ కలిపితే 140. ఇచ్చింది 100 మాత్రమే. మీటర్ చెడిపోలేదు, వైరింగూ తప్పు కాదు. మీటర్ చూపేది పరిమాణం ఒక్కటే. దానికి కోణం తెలియదు.

కాయిల్, కెపాసిటర్ రెండూ సిరీస్‌లో ఉంటే ముందు వాటి రియాక్టెన్స్‌ల తేడా తీసుకోవాలి, కలపకూడదు. వాటి వోల్టేజీలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఆ తేడానే పై సూత్రంలో రియాక్టెన్స్‌గా వేయాలి.

లెక్కల్లో కనిపించే 'జె' ఏమిటి? అది లేకుండా కుదరదా?

పై లోడ్‌ను 30 + జె40 అని రాస్తాం. 'జె' అంటే 90 డిగ్రీలు తిప్పమని చెప్పే గుర్తు. కాయిల్‌కు ప్లస్ జె, కెపాసిటర్‌కు మైనస్ జె. గణితంలో ఇది మైనస్ ఒకటి వర్గమూలం. అక్కడ దాన్ని 'ఐ' అంటారు కానీ, మనకు ఆ అక్షరం కరెంటుకు కేటాయించి ఉంది కాబట్టి 'జె' వాడతాం. ఇంపెడెన్స్ అనే మాటను 1886లో ఆలివర్ హెవిసైడ్ ప్రవేశపెట్టారు. 1893లో ఆర్థర్ కెన్నెలీ, చార్లెస్ స్టైన్‌మెట్జ్ దాన్ని సంకీర్ణ సంఖ్యల్లోకి తెచ్చారు. అంతకుముందు ప్రతి ఏసీ సర్క్యూట్‌కూ అవకలన సమీకరణాలు సాధించాల్సి వచ్చేది. ఆ శ్రమ అంతా మామూలు కూడికలు, గుణకారాల స్థాయికి దిగింది.

ఒకే ఒక సిరీస్ సర్క్యూట్ అయితే 'జె' లేకుండా త్రిభుజంతో సరిపెట్టుకోవచ్చు. రెండు మూడు శాఖలు కలిస్తే మాత్రం 'జె' నేర్చుకోవడమే తేలిక. అప్పుడు డీసీలో వాడిన సూత్రాలన్నీ యథాతథంగా పనిచేస్తాయి.

కోణం కావాలంటే రియాక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగించి విలోమ టాంజెంట్ తీయాలి. 40 ÷ 30కి 53.13 డిగ్రీలు వస్తుంది. కాలిక్యులేటర్‌లో 0.927 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి.

సమాంతరంగా కలిపితే?

ఇంపెడెన్స్‌ల విలోమాలను 'జె'తో సహా కలిపి, ఆ మొత్తాన్ని మళ్లీ తిరగేయాలి. 30 ఓమ్‌ల రెసిస్టర్, 40 ఓమ్‌ల కాయిల్ సమాంతరంగా ఉంటే సమాధానం 30 × 40 ÷ 50 = 24 ఓమ్‌లు. డీసీ అలవాటు కొద్దీ కింద 70 వేస్తే 17.1 వస్తుంది, అది తప్పు. ఇక్కడ వోల్టేజీ రెండింటికీ ఒకటే, కోణం తేడా కరెంట్లలో ఉంటుంది.

ఇంపెడెన్స్ ఎక్కువగా ఉంటే వేడి కూడా ఎక్కువగా పుడుతుందా?

వేడి పుట్టేది రెసిస్టెన్స్ భాగంలో మాత్రమే. కాయిల్ పావు సైకిల్‌పాటు శక్తిని తన అయస్కాంత క్షేత్రంలో దాచుకుని తర్వాతి పావు సైకిల్‌లో సరఫరాకు తిరిగి ఇచ్చేస్తుంది. కెపాసిటర్ కూడా అంతే, కాకపోతే విద్యుత్ క్షేత్రంలో దాచుకుంటుంది. లోడ్‌లో నిజంగా ఖర్చయ్యే పవర్ వాట్లలో = కరెంటు² × రెసిస్టెన్స్.

అలాగని రియాక్టెన్స్ వల్ల నష్టమే లేదనుకోవద్దు. అటూ ఇటూ తిరిగే ఆ కరెంటు కూడా వైర్ల గుండానే పోవాలి, ఆ వైర్లకు రెసిస్టెన్స్ ఉంటుంది. 230 వోల్టుల మీద 2 కిలోవాట్ల మోటార్ లోడ్ పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు × ఆంపియర్లలో నిజంగా ఖర్చయ్యే వంతు) 0.7 అయితే 12.4 ఆంపియర్లు లాగుతుంది. దానికి సమాంతరంగా 83 మైక్రోఫారడ్‌ల ఏసీ కెపాసిటర్ పెడితే 50 హెర్ట్జ్‌లో పవర్ ఫ్యాక్టర్ 0.95కి పెరిగి, లైన్ కరెంటు 9.2 ఆంపియర్లకు దిగుతుంది. మోటార్ తీసుకునే 2 కిలోవాట్లు ఏమీ మారవు. కరెంటు నాలుగో వంతుకు పైగా తగ్గింది కాబట్టి వైరులో వేడి దాదాపు 45 శాతం తగ్గుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది.

ఇంపెడెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలవచ్చా?

మల్టీమీటర్ ఓమ్ రేంజ్‌తో కొలవలేం. అది చిన్న డీసీ కరెంటు పంపి రెసిస్టెన్స్‌ను మాత్రమే చూస్తుంది. కాయిల్‌ను కొలిస్తే తీగ రెసిస్టెన్స్ చూపుతుంది, మంచి కెపాసిటర్‌ను కొలిస్తే చివరకు ఓపెన్ అంటుంది. అదే మల్టీమీటర్‌ను వోల్టేజీ, కరెంటు చూడటానికి వాడుకుంటే మాత్రం ఇంపెడెన్స్ దొరుకుతుంది. ఈ పని మెయిన్స్ మీద నేరుగా చేయకండి. 24 వోల్టుల సెకండరీ ఉన్న, ప్రైమరీకీ సెకండరీకీ విడివిడి వైండింగ్‌లున్న 30 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి.

1. కాయిల్‌ను సర్క్యూట్ నుంచి ఒక వైపైనా విడదీసి, చల్లగా ఉన్నప్పుడు ఓమ్ రేంజ్‌లో రెసిస్టెన్స్ చూడండి. ముందుగా రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపుతుందో చూసి, అంత తీసేయండి. 12 ఓమ్‌లు వచ్చిందనుకుందాం.
2. సెకండరీకి 1 ఆంపియర్ ఫ్యూజ్, ఏసీ అమ్మీటర్, కాయిల్ సిరీస్‌లో కలపండి.
3. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, సరిగ్గా కాయిల్ రెండు చివరల మధ్య చూడండి. లోడ్ పడితే సెకండరీ వోల్టేజీ కాస్త దిగుతుంది, అమ్మీటర్‌లో కొంత పోతుంది.
4. కాయిల్ మీద 24 వోల్టులు, కరెంటు 0.6 ఆంపియర్ వస్తే ఇంపెడెన్స్ 40 ఓమ్‌లు.
5. రియాక్టెన్స్ = √(40² − 12²) = 38.2 ఓమ్‌లు. 50 హెర్ట్జ్‌కు 314.16తో భాగిస్తే ఇండక్టెన్స్ 121 మిల్లీహెన్రీలు.

కాయిల్‌లో గాలి తప్ప మరేమీ లేకపోతే ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఇనుప కోర్ ఉంటే ఐదో మెట్టులో పొరపాటు వస్తుంది. కోర్‌లోని నష్టాలు కూడా రెసిస్టెన్స్‌లాగే పనిచేస్తాయి కానీ, అవి ఓమ్ రేంజ్‌కు కనిపించవు. అప్పుడు వాట్‌మీటర్ తప్పదు. అది 5.4 వాట్లు చూపిందనుకోండి, దాన్ని కరెంటు వర్గంతో, అంటే 0.36తో భాగిస్తే అసలు రెసిస్టెన్స్ 15 ఓమ్‌లు. ఆ లెక్కన రియాక్టెన్స్ 37.1 ఓమ్‌లు, ఇండక్టెన్స్ 118 మిల్లీహెన్రీలు. పైగా ఇనుప కోర్ కాయిల్ ఇండక్టెన్స్ కరెంటును బట్టి మారుతుంది. 24 వోల్టుల దగ్గర కొలిచిన విలువ 230 వోల్టుల దగ్గర కూడా అంతే ఉంటుందని అనుకోవద్దు.

సిరీస్‌లో ఫ్యూజ్ ఉండటం ముఖ్యం. కాయిల్‌లో చుట్లు షార్ట్ అయి ఉంటే ఓమ్ రేంజ్‌లో అది సరిగ్గా పట్టుబడదు, ఏసీ ఇచ్చిన క్షణంలోనే కరెంటు ఎగిరిపోతుంది.

ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచేది) వాడుతుంటే ఏ సెట్టింగ్ పెట్టాలి?

ఆ పార్ట్ ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో దానికి దగ్గరగా ఉన్న టెస్ట్ ఫ్రీక్వెన్సీ పెట్టండి. పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు 100 లేదా 120 హెర్ట్జ్, స్విచింగ్ సప్లై (వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజీ మార్చే సప్లై) కాయిల్స్‌కు 100 కిలోహెర్ట్జ్. ఇంపెడెన్స్ 100 ఓమ్‌ల లోపు ఉండేలా ఉంటే సిరీస్ మోడ్, 10 కిలో ఓమ్‌లు దాటితే పారలల్ మోడ్. మధ్యలో ఏదైనా పరవాలేదు. కొలిచే ముందు ప్రోబ్‌లు విడిగా ఉంచి ఒకసారి, కలిపి ఒకసారి కరెక్షన్ చేయాలి. ఒక ఓమ్ కంటే తక్కువ విలువలకు నాలుగు తీగల క్లిప్‌లు వాడకపోతే మీరు కొలిచేది ప్రోబ్ తీగలనే. కెపాసిటర్‌ను డిస్చార్జ్ చేయకుండా మీటర్‌కు పెడితే మీటర్ పాడవుతుంది.

ఏసీ కాంటాక్టర్ (కాయిల్ అయస్కాంతంతో పనిచేసే స్విచ్) కాయిల్‌కు అదే వోల్టేజీ డీసీ ఇస్తే ఎందుకు కాలిపోతుంది?

డీసీలో ఫ్రీక్వెన్సీ సున్నా, కాబట్టి రియాక్టెన్స్ కూడా సున్నా. మిగిలేది తీగ రెసిస్టెన్స్ ఒక్కటే. ఉదాహరణకు 230 వోల్టుల ఏసీ కాయిల్ రెసిస్టెన్స్ 500 ఓమ్‌లు అనుకుందాం. పట్టి ఉన్నప్పుడు అది 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటే దాని ఇంపెడెన్స్ 5750 ఓమ్‌లు, తీగలో పుట్టే వేడి 0.8 వాట్. అదే కాయిల్‌కు 230 వోల్టుల డీసీ ఇస్తే 460 మిల్లీఆంపియర్లు పారి 106 వాట్ల వేడి పుడుతుంది. వేలెడంత కాయిల్ అంత వేడిని వదిలించుకోలేదు.

డీసీ ఇవ్వకపోయినా ఇలాంటి పరిస్థితే ఇంకోలా వస్తుంది, ప్యానెళ్లలో ఎక్కువగా జరిగేది అదే. కాంటాక్టర్ తెరిచి ఉన్నప్పుడు అయస్కాంత మార్గంలో గాలి సందు ఉంటుంది, అందుకని ఇండక్టెన్స్ తక్కువ, ఇంపెడెన్స్ తక్కువ, కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ. లోపలి కదిలే ఇనుము వచ్చి అతుక్కోగానే సందు మూసుకుపోయి ఇంపెడెన్స్ పెరుగుతుంది, కరెంటు దిగుతుంది. దుమ్ము వల్లో, స్ప్రింగ్ ఇరుక్కునో, కంట్రోల్ వోల్టేజీ చాలకో ఆ ఇనుము పూర్తిగా అతుక్కోకపోతే కాయిల్ ఆ పెద్ద కరెంటులోనే ఉండిపోతుంది. కాలిన కాయిల్ స్థానంలో కొత్తది వేసే ముందు కదిలే భాగాన్ని చేత్తో నొక్కి వదిలి చూడండి. అతుక్కునే ముఖాలను గుడ్డతో శుభ్రం చేయండి. కాంటాక్టర్‌ను ఆన్ చేసిన క్షణంలో కాయిల్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ ఎంతకు పడిపోతుందో కూడా కొలవండి. ఇవేవీ చూడకుండా కాయిల్ మారిస్తే అది కూడా కాలుతుంది.

60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 హెర్ట్జ్ మీద నడపవచ్చా?

అదే వోల్టేజీతో నడపకూడదు. ఫ్రీక్వెన్సీ ఆరింట ఐదు వంతులకు దిగితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది. ఇనుము అప్పటికే హద్దు దగ్గర ఉంటే శాచురేట్ అవుతుంది, అంటే ఇంకా ఫ్లక్స్‌ను మోయలేదు. అప్పుడు ఇండక్టెన్స్ కుప్పకూలి, లోడ్ లేకపోయినా ప్రైమరీ కరెంటు 20 శాతం కాదు, అనేక రెట్లు పెరగవచ్చు. వోల్టేజీని కూడా ఆరింట ఐదు వంతులకు తగ్గిస్తే కోర్‌కు ఇబ్బంది లేదు. 50 హెర్ట్జ్‌కు చేసినదాన్ని 60 మీద నడపడంలో ఈ సమస్య రాదు.

సిరీస్ రెజొనెన్స్‌లో ఇంపెడెన్స్ బాగా పడిపోతుంది అంటారు. అందులో ప్రమాదం ఏముంది?

100 మిల్లీహెన్రీల కాయిల్, 100 మైక్రోఫారడ్‌ల ఏసీ కెపాసిటర్ సిరీస్‌లో కలిపితే వాటి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (రెండు రియాక్టెన్స్‌లూ సమానమయ్యే ఫ్రీక్వెన్సీ) 50.3 హెర్ట్జ్. అంటే 50 హెర్ట్జ్ సరఫరా మీద కాయిల్ రియాక్టెన్స్ 31.4 ఓమ్‌లు, కెపాసిటర్‌ది 31.8 ఓమ్‌లు, రెండూ దాదాపుగా కొట్టుకుపోతాయి. తీగ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లైతే మొత్తం ఇంపెడెన్స్ 2.04 ఓమ్‌లే. 24 వోల్టులు ఇస్తే 11.8 ఆంపియర్లు. ఇప్పుడు కాయిల్ మీది వోల్టేజీ లెక్కవేయండి: 11.8 × 31.4 = 370 వోల్టులు. కెపాసిటర్ మీదా దాదాపు అంతే.

24 వోల్టులే కదా అని చెయ్యి పెట్టిన చోట 370 వోల్టులు, అది కూడా ఆర్ఎంఎస్ విలువ (మీటర్ చూపే సగటు తరహా విలువ). శిఖరం 520 దాటుతుంది. 50 వోల్టుల కెపాసిటర్ అయితే పగిలిపోతుంది. రెజొనెన్స్ ప్రయోగం చేసేవాళ్లు కావాలని 50 ఓమ్‌లో 100 ఓమ్‌లో రెసిస్టర్ సిరీస్‌లో పెట్టుకోవాలి, వోల్టేజీ 2, 3 వోల్టుల నుంచి మొదలుపెట్టాలి. సాధారణ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఏసీకి పనికిరాదన్నది ఇక్కడ మరీ ముఖ్యం.

పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ బ్యాంకుల్లో ఇదే విషయం హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు గుణిజాలైన ఫ్రీక్వెన్సీలు) దగ్గర బయటపడుతుంది. ఐదో హార్మోనిక్‌కు, అంటే 250 హెర్ట్జ్‌కు, కెపాసిటర్ రియాక్టెన్స్ ఐదో వంతుకు పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ది ఐదు రెట్లు పెరుగుతుంది. రెండూ ఏదో ఒక హార్మోనిక్ దగ్గర సమానమైతే కెపాసిటర్లు ఉబ్బడం, ఫ్యూజులు ఊరికే పోవడం మొదలవుతుంది. దానికి మందు కెపాసిటర్‌కు సిరీస్‌లో సరైన డీట్యూనింగ్ రియాక్టర్ (రెజొనెన్స్‌ను హార్మోనిక్స్ నుంచి తప్పించే కాయిల్). ఇంకా పెద్ద ఫ్యూజ్ వేయడం కాదు.

స్విచ్ ఆఫ్ చేసినా వైరులో మీటర్ 90, 100 వోల్టులు చూపుతోంది. ఇది నిజమేనా?

చాలాసార్లు ఇది పక్క వైరు నుంచి కెపాసిటెన్స్ ద్వారా వచ్చిన దొంగ వోల్టేజీ. ఒకే పైపులో 10 మీటర్లు పక్కపక్కనే నడిచే రెండు వైర్ల మధ్య మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున 1 నానోఫారడ్ ఉంటుందనుకుందాం. 50 హెర్ట్జ్‌లో దాని రియాక్టెన్స్ దాదాపు 32 లక్షల ఓమ్‌లు. డిజిటల్ మీటర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సాధారణంగా కోటి ఓమ్‌లు. మీటర్ ఇంపెడెన్స్ అంత పెద్దది కాబట్టి ఆ సన్నని దారి గుండా వచ్చే వోల్టేజీ కూడా దాని మీద నిలబడిపోతుంది. ఆ వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఉన్న కెపాసిటెన్స్ కొంత వాటా తీసుకోవడం వల్ల పూర్తి 230 కాకుండా మధ్యలో ఏదో అంకె కనిపిస్తుంది.

లో ఇంపెడెన్స్ మోడ్ ఉన్న మీటర్ సుమారు 3 కిలో ఓమ్‌ల లోడ్ పెట్టి చూస్తుంది. అప్పుడు పై వైరులో మిగిలేది 0.2 వోల్ట్. నిజంగా లైవ్ అయితే 230 అలాగే నిలుస్తుంది. ఇలా తేల్చుకునేదాకా ఆ వైరును లైవ్‌గానే చూడండి. దొంగ వోల్టేజీ అని ఊహించుకుని ముట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎందుకంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉన్న తప్పుడు వైరింగ్‌లోనూ, ఎక్కడో ఇన్సులేషన్ పోయినప్పుడూ ఇలాంటి అంకెలే కనిపించవచ్చు.

స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని ఉంది, మీటర్ 6.5 చూపుతోంది. స్పీకర్ పాడైందా?

బాగానే ఉంది. మీటర్ చూపింది వాయిస్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్. 8 ఓమ్‌లు అన్నది నామమాత్రపు ఇంపెడెన్స్. అసలు విలువ ఫ్రీక్వెన్సీ వెంట మారుతూ పోతుంది. కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర అది కొన్ని పదుల ఓమ్‌లకు లేస్తుంది, తర్వాత దిగుతుంది, పై ఫ్రీక్వెన్సీల్లో కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ పెరుగుతుంది. ప్రామాణిక పద్ధతి ప్రకారం నామమాత్రపు విలువలో 80 శాతం కంటే, అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కు 6.4 కంటే, ఎక్కడా దిగకూడదు. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ 4కు తట్టుకుంటుందో లేదో చూసుకున్నాకే కలపండి.

ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద ఇంపెడెన్స్ 5 శాతం అని ఉంటుంది. శాతంలో ఎందుకు?

సెకండరీని షార్ట్ చేసి, ప్రైమరీ వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోతారు. ఫుల్ లోడ్ కరెంటు రావడానికి రేటెడ్ వోల్టేజీలో 5 శాతం చాలితే అదే ఆ శాతం. దీని వల్ల ఓమ్‌లు, ఏ వైపు నుంచి చూస్తున్నాం అన్న గొడవ ఉండదు. షార్ట్ సర్క్యూట్ కరెంటు నోటిలెక్కగా వస్తుంది: 5 శాతమంటే ఫుల్ లోడ్‌కు 20 రెట్లు. 500 కేవీఏ, 400 వోల్టుల త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ కరెంటు 722 ఆంపియర్లు, కాబట్టి టెర్మినళ్ల దగ్గర షార్ట్ అయితే సుమారు 14.4 కిలో ఆంపియర్లు. అక్కడ పెట్టే బ్రేకర్ బ్రేకింగ్ కెపాసిటీ 10 కిలో ఆంపియర్లయితే అది ఆ ఫాల్టును తెంచలేదు.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా నడిపేటప్పుడు ఈ అంకె మరింత ముఖ్యం. 500 కేవీఏవి రెండు, ఒకటి 4 శాతం, ఇంకొకటి 5 శాతం అనుకోండి. 1000 కేవీఏ లోడ్ పడితే మొదటిది 556 మోస్తుంది, రెండోది 444. తక్కువ శాతం ఉన్నదే ఎక్కువ మోసి వేడెక్కుతుంది. రెండింటినీ కలిపి 900 కేవీఏకు మించి వాడకూడదు.

ఎర్త్ ఫాల్ట్ లూప్ ఇంపెడెన్స్ ఎంత ఉండాలి?

ఫాల్ట్ కరెంటు ఫేజ్ వైరు, ఎర్త్ గుండా సరఫరాకు తిరిగి చేరే దారి మొత్తం ఇంపెడెన్స్ ఇది. ఫేజ్ వైరు పరికరం బాడీకి తాకినప్పుడు ఎంసీబీ (చిన్న సర్క్యూట్ బ్రేకర్) వెంటనే పడిపోయేంత కరెంటు పారాలి. బీ రకం ఎంసీబీ తక్షణం పడటానికి రేటింగ్‌కు 5 రెట్లు, సీ రకానికి 10 రెట్లు కరెంటు గ్యారంటీగా కావాలి. 16 ఆంపియర్ల బీ రకానికి 80 ఆంపియర్లు, అంటే 230 ÷ 80 = 2.87 ఓమ్‌ల లోపు. 32 ఆంపియర్ల సీ రకానికి 230 ÷ 320 = 0.72 ఓమ్‌ల లోపు.

వైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన విలువ ఈ హద్దులో 80 శాతం దాటకుండా చూస్తారు. రాగి రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. లోడ్ మీద వైరు వేడెక్కి 70 డిగ్రీలకు చేరితే 20 డిగ్రీల దగ్గరి విలువ కంటే సుమారు 20 శాతం ఎక్కువవుతుంది. కేవలం ఎర్త్ రాడ్ మీద ఆధారపడిన చోట ఈ ఓమ్‌లు సాధారణంగా దొరకవు. అక్కడ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు లీకయ్యే కరెంటును పట్టే బ్రేకర్) పెట్టడమే దారి.

కో-యాక్సియల్ కేబుల్ 75 ఓమ్‌లు అంటారు. మీటర్ పెడితే ఓపెన్ ఎందుకు చూపుతుంది?

అది కేబుల్ లక్షణ ఇంపెడెన్స్, అంటే కేబుల్‌లో ప్రయాణించే సిగ్నల్‌కు కనిపించే ఇంపెడెన్స్. ఒక మీటరు పొడవు కేబుల్‌లో ఉన్న ఇండక్టెన్స్‌ను అంతే పొడవులోని కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. 250 నానోహెన్రీలు, 100 పికోఫారడ్‌లు ఉంటే 50 ఓమ్‌లు. కేబుల్ పొడవు ఎంతైనా అదే విలువ, ఓమ్ రేంజ్‌తో దానికి సంబంధం లేదు. 50 ఓమ్‌ల కేబుల్ చివర 75 ఓమ్‌ల లోడ్ పెడితే అక్కడికి చేరిన సిగ్నల్ వోల్టేజీలో ఐదో వంతు, పవర్‌లో 4 శాతం వెనక్కి తిరిగి వస్తుంది.

కెపాసిటెన్స్ మీటర్‌లో విలువ సరిగానే ఉన్న కెపాసిటర్‌ను ఎందుకు మార్చమంటారు?

ఏ కెపాసిటరూ పూర్తిగా కెపాసిటర్ కాదు. దానికి సిరీస్‌లో కొంత రెసిస్టెన్స్, కాళ్ల వల్ల కొంత ఇండక్టెన్స్ ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్‌లో ద్రవం ఎండే కొద్దీ ఆ రెసిస్టెన్స్ పెరుగుతుంది. కెపాసిటెన్స్ ఇంకా మిగిలి ఉన్నా స్విచింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపెడెన్స్ పెరిగి రిపుల్‌ను (డీసీలో మిగిలే ఏసీ అలను) అణచలేదు, తానే వేడెక్కి ఇంకా ఎండుతుంది. దీన్ని పట్టుకోవాలంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఈఎస్ఆర్ (ఆ సిరీస్ రెసిస్టెన్స్) కొలవాలి.

ఇండక్టెన్స్ ప్రభావం ఇంకా పైన కనిపిస్తుంది. 100 నానోఫారడ్‌ల కెపాసిటర్‌కు కాళ్లు, ట్రాక్ కలిపి 5 నానోహెన్రీలు ఉంటే 7.1 మెగాహెర్ట్జ్ దాటాక అది కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. కాళ్లు కత్తిరించి ఐసీ పిన్‌కు ఆనుకుని పెట్టమనేది అందుకే.

డయోడ్‌కు, ఎల్ఈడీ డ్రైవర్‌కు, స్విచింగ్ సప్లైకి ఇంపెడెన్స్ ఎంత?

ఒకే అంకెలో చెప్పడం కుదరదు. సైన్ వోల్టేజీ ఇస్తే సైన్ కరెంటే పారే చోట మాత్రమే ఇంపెడెన్స్‌కు అర్థం ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ లేని స్విచింగ్ సప్లై వోల్టేజీ శిఖరం దగ్గర మాత్రమే సూదిలా కరెంటు లాగుతుంది. దాని వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చే అంకెకు కోణం ఉండదు. కెపాసిటర్ పెట్టి దాని పవర్ ఫ్యాక్టర్ సరిచేయడమూ కుదరదు. డయోడ్ విషయంలో ముందుగా డీసీ కరెంటు ఎంతో నిర్ణయించి, దాని మీద చిన్న ఏసీ వేస్తే అప్పుడు లెక్క కుదురుతుంది: గది ఉష్ణోగ్రతలో 26 మిల్లీవోల్టులను ఆ డీసీ కరెంటుతో భాగించాలి. 1 మిల్లీఆంపియర్ దగ్గర సుమారు 26 ఓమ్‌లు, 10 మిల్లీఆంపియర్ల దగ్గర 2.6 ఓమ్‌లు. పైన వేసిన ఏసీ కొన్ని మిల్లీవోల్టులు దాటితే ఈ లెక్క కూడా చెల్లదు.